ఆ ట్రక్కులో తాతకు చోటు లేదు

పోయిన భాగంలో "తాత అడిగిన ప్రశ్న" అని ఒక మాట వాడి, వివరం చెప్పకుండ ముందుకు పోయిన. ఏ తాత, ఏం ప్రశ్న అని పాలమూరు యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిండు. మా ఇంటి తాత కాదు తమ్మీ, బొమ్మల పుస్తకంలో తాత అన్న. అటు దిక్కు కొంచెం సేపు చప్పుడు లేదు. అంబేద్కర్ గురించి, ఫూలే గురించి రాసే మనిషి ఇదేం ముచ్చట చెప్తుండు అనుకున్నట్టుంది. ఈ వారం ఆ ముచ్చటే రాస్తున్న. ఓపిక ఉన్నోళ్లు చదవండి, లేనోళ్లు వచ్చే వారం రండి.

నా ట్రంకు పెట్టె అడుగున ఒక ఇంగ్లిష్ కామిక్ ఉంది. అట్ట లేదు, చివరి పేజీలు చెదలు తిన్నయి. 1990ల నడిమిట్ల హైదరాబాదులో పీజీ చదివేటప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న. పోటీ పరీక్షల గైడు కోసం పోయిన మనిషిని, ఐదు రూపాయలు ఇచ్చి ఇది తెచ్చుకున్న. ఆకుపచ్చ బట్టలేసుకున్న ఇద్దరు తెల్లోళ్లు, వాళ్ల ముందు ఒక నల్ల ముసలాయన. ఆయన మొఖం చూసి కొన్న. మా చిన్నాయన మొఖం లెక్కనే ఉండె.

అంతకు ముందు నాకు తెలిసిన బొమ్మల లోకం చందమామ ఒక్కటే. వనపర్తిలో హాస్టల్‌ల ఉన్నప్పుడు గ్రంథాలయంలో పాత సంచికలు ముందటేసుకొని కూసునేటోన్ని. శంకర్ బొమ్మేసిన విక్రమార్కుడు, భుజం మీద శవం, చేతిల కత్తి. ఇప్పటి సినిమా భాషలో చెప్పాలంటే అది మన మొదటి టీమప్పు. ఒకడు మోస్తడు, ఇంకోడు అడుగుతడు. రాజుకు ప్రతిసారి జవాబు తెల్సు. ఎంత చిక్కు ప్రశ్న వేసినా చెప్పేస్తడు, బేతాళుడు చెట్టెక్కుతడు. ప్రశ్నకు జవాబు లేని హీరోను నేను చూసింది మాత్రం ఈ అట్ట లేని పుస్తకంలోనే.

అట్ట లేదు గనక అది ఏ కాలందో నాకు చాన ఏండ్లు తెల్వదు. తర్వాత తెలుసుకున్న. అసలు కథ 1970 ఏప్రిల్ తేదీతో వచ్చిన గ్రీన్ లాంటర్న్ 76వ సంచిక. డీసీ కామిక్స్ వాళ్లది. రాసింది డెన్నీ ఓనీల్, బొమ్మలు నీల్ ఆడమ్స్. నా దగ్గర ఉన్నది 1980లలో తిరిగి అచ్చేసిన ప్రతి. గ్రీన్ లాంటర్న్ పేరు మీద నడిచే పుస్తకంలోకి గ్రీన్ యారో అనే విలుకాన్ని తెచ్చి జత కట్టిండ్రు. ఇద్దరు హీరోలను ఒక్క కథలో కలిపితే పిల్లలు ఎగబడి కొంటరని కంపెనీల లెక్క. మామూలుగ ఆ ఇద్దరు కలిసి ఒక రాక్షసున్నో, ఇంకో గ్రహం నుంచి వచ్చినోన్నో కొడ్తరు. ఇందులో వాళ్లు ఎదుర్కున్నది ఒక ఇంటి ఓనర్‌ను.

కథ చెప్త. గ్రీన్ లాంటర్న్ చేతికి ఒక ఉంగరం ఉంటది. మనసులో ఏమనుకుంటే అది ఆకుపచ్చ వెలుగై ముందటికి వస్తది. ఓవా అనే గ్రహం మీద గార్డియన్లని నీలం రంగు పెద్దమనుషులుంటరు, వాళ్లు ఇచ్చిన ఉంగరం. అంటే ఈయన ఒక రకంగ విశ్వానికి పోలీసు. ఒకనాడు స్టార్ సిటీ మీదికెల్లి ఎగురుకుంట పోతుంటే కింద ఒక పిలగాడు సూటేసుకున్న పెద్దమనిషి మీద చెయ్యి చేసుకుంటుంటడు. దిగి పిలగాన్ని పట్టి పోలీసుల దగ్గరికి పంపిస్తడు. చట్టం తన పని తాను చేసుకుపోయింది. వాడ జనం చప్పట్లు కొడ్తరని చూస్తడు. వాళ్లు డబ్బాలు, చెత్త ఇసిరికొడ్తరు.

అప్పుడొస్తడు గ్రీన్ యారో. ఆ సూటు మనిషి పేరు జూబల్ స్లేడ్ అని, ఈ కూలిపోయే బిల్డింగు వానిదేనని, అందరిని ఎల్లగొట్టి ఇది పడగొట్టి పార్కింగు జాగ చేస్తడని చెప్తడు. నువ్వు కాపాడింది వాన్ని అంటడు. లోపలికి తీస్కపోయి మెట్లు, గోడలు, అండ్ల బతికేటోళ్లను చూపిస్తడు.

ఇక్కడ నేను పుస్తకం మూసి రూం బయటికి వచ్చిన, బాగ యాదికుంది. మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండె. ఇప్పుడు లేదు, శ్రీశైలం నీళ్ల కింద ఉంది. కొల్లాపూర్, ఆలంపూర్ దిక్కు, అటు కర్నూలు దిక్కు కలిపి నూరుకు పైన ఊర్లు మునిగినయి. 1981లో ఊర్లు ఖాళీ చేయించిన పనికి 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు పెట్టిండ్రంటే ఎంత మర్యాదగ జరిగిందో అర్థం చేసుకోండి. ఇంటి దూలాలు, తలుపులు బండి మీదేసుకొని ఎట్ల వచ్చిండ్రో మా అమ్మ చెప్పేది. దర్వాజ మాత్రం మర్సిపోయినం అని ప్రతిసారి అనేది. ఆ సంగమం దగ్గర కూడవెల్లిలో చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వరుని గుడి ఉండె. దాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్ల కట్టిండ్రు. మంచి పనే, చరిత్ర బతికింది, నేను పోయి చూసిన. కాని మాదిగవాడను రాయి రాయి విప్పి ఎవరూ తెచ్చి పెట్టలేదు. ఉద్యోగాలిస్తమని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో నంబరు పట్టుకొని ధర్నా చేసినోళ్లలో తండ్రులు పోయిండ్రు, కొడుకులకు జుట్టు నెరిసింది. స్టార్ సిటీలో పార్కింగు, మా తాన డ్యాము. మిగతాదంత నాకు తెలిసిన కథనే అనిపించింది.

మళ్ల లోపలికొచ్చి పేజీ తిప్పితే ఆ తాత ఉన్నడు.

ఆయన లేచి వచ్చి గ్రీన్ లాంటర్న్ ముందు నిలబడి, మెల్లగ అడుగుతడు. నీ గురించి చదువుతుంట అయ్యా. ఎక్కడో గ్రహం మీద నీలం తోలోళ్ల కోసం పని చేస్తవంట. ఇంకోతాన నారింజ రంగోళ్లకు సాయపడ్డవు. ఊదా రంగోళ్లకు గూడ బాగనే చేసినవు. ఒక్క నల్ల తోలోళ్లనే ఎన్నడూ పట్టించుకోలేదు, ఎందుకు? నా మాటల్లో చెప్పిన గాని, అడిగింది ఇదే. గ్రీన్ లాంటర్న్ తల దించుకుంటడు. జవాబు లేదు. విశ్వంలో అన్నిటికన్న బలమైన ఉంగరం వేలికుంది, నోట్లకెల్లి మాట రాదు.

నీల్ ఆడమ్స్ ఆ తాత మొఖం మీద ముడతలు ఎట్ల గీసిండంటే, ఒక్కో గీతకు ఒక్కో కిరాయి నెల కనిపిస్తది. నేను ఇంగ్లిష్ డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిన పుస్తకమది. ఆ పేజీకి మాత్రం డిక్షనరీ అక్కర రాలే.

ఈ కథ అచ్చయ్యేటప్పటికి మార్టిన్ లూథర్ కింగ్‌ను, రాబర్ట్ కెనడీని చంపి రెండేండ్లు గూడ నిండలేదు. కథ చివర్ల గ్రీన్ యారో వాళ్లిద్దరిని తలుచుకుంటడు, దేశానికి లోపల ఏదో కుళ్లుతుందని చెప్తడు. పన్నెండేండ్ల పోరని జేబుల ఉండే చిల్లర పైసలకు దొరికే పుస్తకంలో ఇది రాసిండ్రు. తర్వాతి కథలో బొగ్గు గని కూలీలు. ఇంకో దాంట్ల అడవి హక్కు కోసం కొట్లాడే అక్కడి ఆదివాసులు. 1971లో గ్రీన్ యారో సాదుకున్న పిలగాడే హెరాయిన్‌కు అలవాటు పడ్డట్టు చూపించిండ్రు. 1972లో 89వ సంచికతో ఆ పుస్తకం ఆగిపోయింది. పేపర్లు పొగిడినయి గాని కంపెనీకి అమ్మకాలు సాలలేదు. అదే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది, అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తీసుకొని. బాబాసాహెబ్ 1946లోనే డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు. వాళ్ల కష్టం మన కష్టం ఒకదాన్నొకటి చూసుకుంటనే ఉన్నయి. బొమ్మల పుస్తకాలను చిల్లరగ చూసే పెద్దలకు ఇంకో సంగతి: మాంట్‌గోమరీ బస్సు పోరాటాన్ని 1957లో కింగ్ బతికుండంగనే పది సెంట్ల కామిక్కుగ అచ్చేసి పంచిండ్రు. దాన్ని చదివి ఉద్యమంలకు వచ్చిన జాన్ లూయిస్ ముసలితనంల తన కథను గూడ కామిక్కుగనే చెప్పుకున్నడు.

ఈ వరుసలో నాకు ఇంకో కథ ఇష్టం. దాన్ని చాన తర్వాత ఒక దోస్తు కంప్యూటర్ల చదివిన. 87వ సంచిక. అండ్ల జాన్ స్టీవార్ట్ అనే నల్ల యువకుడు వస్తడు, ఆర్కిటెక్టు. అసలు గ్రీన్ లాంటర్న్ అందుబాటులో లేకపోతే వాడుకునేందుకు ఒక బదిలీ మనిషి కావాల్సొచ్చి ఈయనకు ఉంగరం ఇస్తరు. వెయిటింగ్ లిస్టు అన్నట్టు. డ్రెస్సు వేసుకుంటడు గాని మొఖానికి మాస్కు వద్దంటడు. దాచుకునేది నా తాన ఏమీ లేదంటడు.

హైదరాబాదులో రూం కోసం తిరిగిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాస్కు ముచ్చట చెప్పాల్సిన పని లేదు. "మీరేమిట్లు బాబూ" అని ఓనరమ్మ అడిగితే నేను ఒకసారి అబద్ధం చెప్పిన. ఏడు నెలలు ఆ ఇంట్ల ఉన్న. ఏడు నెలలు గోడకు బాబాసాహెబ్ ఫొటో పెట్టలే. ట్రంకుల, ఈ కామిక్కు మీదనే పెట్టి దాసిన. మాస్కు వద్దన్న ఆ పేజీ చదివిన నాడు నాకు కోపం వచ్చింది. జాన్ స్టీవార్ట్ మీద కాదు. 2001లో వచ్చిన జస్టిస్ లీగ్ కార్టూన్‌లో గ్రీన్ లాంటర్న్ అంటే జాన్ స్టీవార్టే. అది చూసి పెరిగిన పిల్లలకు తెల్ల గ్రీన్ లాంటర్న్ ఒకడున్నడంటే వింతగ ఉంటదంట. వెయిటింగ్ లిస్టు మనిషి ముప్పై ఏండ్లకు సీటుకొచ్చిండు.

ఇంతవరకు పొగిడిన. ఇప్పుడు నాకు గుచ్చుకునేది చెప్త.

76వ సంచిక చివర్ల గ్రీన్ లాంటర్న్, గ్రీన్ యారో ఒక పాత ట్రక్కెక్కి అసలు అమెరికాను చూసొస్తమని బయలుదేరుతరు. వాళ్లతోని ఓవా గ్రహం గార్డియన్ ఒకాయన గూడ మనిషి రూపంలో వస్తడు, నేర్చుకునేందుకు. చూడుండ్రి, ట్రక్కులో ఎవరెవరున్నరో. ఇద్దరు తెల్లోళ్లు, ఒక నీలం తోలాయన. తాత లెక్క చెప్పిన వాళ్లలో మొదటి పేరు నీలం తోలోళ్లదే గదా! వాళ్లకే మళ్ల సీటు దొరికింది. ప్రశ్న అడిగిన తాతకు దొరకలే. ఆయన ఇల్లు నిలబడ్డదా, కిరాయి ఏమైంది, కథ చెప్పదు. ఆయనకు పేరు గూడ పెట్టలే. కథంతా ఆయన ప్రశ్న మీద నిలబడ్డది, దేశం తిరిగేది మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనోడు.

తెల్ల రచయిత గనక అట్ల రాసిండని నేను శానా ఏండ్లు సులువుగ అనుకున్న. మీటింగులల్ల గూడ చెప్పిన, చప్పట్లు పడ్డయి. తర్వాత మా ట్రక్కులు యాదికొచ్చినయి.

నిజ నిర్ధారణ కమిటీలకు పోయినోళ్లకు తెల్సు. పొద్దుగాల తుఫాన్ బండి మాట్లాడుకుంటం. ఒక లాయరు, ఒక ప్రొఫెసరు, ఇద్దరు విద్యార్థి నాయకులు, ఒక విలేకరి. ఊర్లెకు పోతం. దెబ్బలు తిన్న కుటుంబం గడపల కూసుంటం. అవ్వ చెప్తది, మనం రాసుకుంటం. మధ్యాహ్నం దాటంగనే గద్వాలకో, నాగర్‌కర్నూలుకో తిరిగొచ్చి ప్రెస్ మీట్. మైకు ముందట కమిటీ ఉంటది, అవ్వ ఊర్లెనే ఉంటది. నలభై పేజీల నివేదికలో ఆమె మాట అర పేజీ, అది గూడ మన భాషలో. బండిలో ఒక సీటు ఎప్పుడూ ఖాళీగనే ఉంటది, సంచులు పెడ్తం. ఆ అవ్వను ఎక్కించుకొని పోయి మైకు ముందట కూసోబెడ్దమని నాకు ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి గూడ తట్టలేదు. కమిటీలు వద్దంటలేను. అవి లేకపోతే కొన్ని కేసులు కాగితం మీదికి గూడ రావు. కాని ఆ సీటు సంగతి నాది.

అసలు దెబ్బ వేరేది.

నేను మాదిగను. 1994లో ఈదుముడిలో దండోర మొదలైనంక, కాలేజీ ఎగ్గొట్టి ఆ డప్పెంబడి తిరిగినోన్ని. మా వాటా మాకు కావాలని గొంతు పోయేదాక అరిచిన. పదేండ్ల కింద ఒక సభకు జనాన్ని పిలిచేందుకు నల్లమల అంచున ఒక ఊరికి పోయిన. మాదిగవాడ దాటినంక, ఊరి అవతల, డక్కలోళ్ల గుడిసెలున్నయి. డక్కలోళ్లు మాదిగలకు కథ చెప్పేటోళ్లు. జాంబపురాణం వాళ్ల నోట్లనే బతికింది. పటం కథ అంటే తెల్సు గదా: పొడుగు బట్ట మీద వరుసగ గళ్లు గళ్లుగ బొమ్మలు, చేర్యాల నకాశీలు గీసేది. దాన్ని కొంచెం కొంచెం విప్పుకుంట, బొమ్మ మీద పుల్ల పెట్టి కథ చెప్తరు. కామిక్ అనే మాట పుట్టక ముందు మన వాడలకు వచ్చిన కామిక్ అది. పాలమూరు డక్కలోళ్ల చేతిల పన్నెండు మెట్ల కిన్నెర ఉంటది. 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా మనిషే. పండుగ సాయన్న కథ ఆ కిన్నెర మీద వింటే సూపర్ హీరో కోసం స్టార్ సిటీ దాక పోవాల్సిన పని లేదు, ఉన్నోన్ని దోచి లేనోనికి పెట్టిన మనిషి మన దొంగల దారుల్లనే తిరిగిండు. గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అని బిరుదు. ఆ కవుల లిస్టుల కిన్నెరకు జాగ ఉండదు, ఆ కోపం నాకు ఎప్పుడూ ఉండేదే.

కాని ఆ డక్కలాయనను వాకిట్లకు రానియ్యనిది సంస్థానం కాదు. మేము. మా తాతల కాలంల డక్కలోడు మాదిగింటి గడప తొక్కొద్దు. దూరంగ కూసోని కథ చెప్పాలె, పెట్టింది తీస్కొని పోవాలె. ఊరు మమ్మల్ని ఎట్ల నిలబెట్టిందో మేము వాళ్లను అట్లనే నిలబెట్టినం.

ఆ నాడు గుడిసె ముందట కిన్నెర బిగించుకుంట ఒక ముసలాయన కూసున్నడు. నేను కరపత్రం ఇచ్చి, వర్గీకరణ గురించి నాకొచ్చిన ఉపన్యాసమంత చెప్పిన. ఆయన ఇన్నడు. చదువు రాదు, కరపత్రం మడిచి పక్కన పెట్టిండు.

"మీ వాటా మీకొస్తే మాకేమొస్తది బిడ్డా?" అన్నడు. కొంచెం ఆగి, "మీ నాయిన కాలంల మీ వాకిట్లకు మేం వచ్చేది లేదు. ఇప్పుడొస్తే కూసోమంటవా?" అన్నడు.

నేను తల దించుకున్న. అట్ట లేని పుస్తకంలో ఆ గడి నాకు కండ్ల ముందట కనిపించింది. ఇన్నేండ్లు ఆ బొమ్మల నేను తాత పక్కనే నిలబడి ఉన్న అనుకున్న. ఉంగరం నా వేలికే ఉండె.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ. 59 కులాలు మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. అన్నిటికన్న వెనుకబడ్డ 15 చిన్న కులాలకు మొదటి గ్రూపుల 1 శాతం. మా సంబరాల రోజు నేను గూడ రంగు చల్లుకున్న. ఆ 1 శాతం అందుకోవాలన్నా చేతిల కులం సర్టిఫికెట్ ఉండాలె. గుడిసెలల్ల పుట్టి ఊరూరు తిరిగేటోళ్లకు ఆ కాగితం పుట్టించుకునేది ఎంత కష్టమో, ఎన్ని ఆఫీసుల ముందట నిలబడాలో, మా తొమ్మిదిలో ఉన్న నాలాంటోళ్లం ఎంతమందిమి వాళ్లెంబడి పోయి నిలబడ్డం? విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, ఈ జూన్‌ల అడ్మిషన్లప్పుడు మీ మండలంల అట్లాంటి పిల్లలు ఎందరున్నరో ఒక్కసారి లెక్క తియ్యుండ్రి. మీటింగు పెట్టకుండనే తియ్యొచ్చు.

ఆ ముసలాయన మనుమడు ఇప్పుడు డిగ్రీ చదువుతుండు. మొన్న దసరాకు పోయినప్పుడు కామిక్ తీస్కపోయి ఇచ్చిన. పిలగాడు నాకన్న బాగ ఇంగ్లిష్ చదువుతడు. తాత పక్కన కూసోని, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకొని, చీపురు పుల్ల ఒకటి తీసుకొని బొమ్మ బొమ్మ మీద పెట్టుకుంట తెలుగుల చెప్పవట్టిండు. స్లేడ్ కాడికి వచ్చినప్పుడు ఆ ఊరి మనిషి పేరొకటి కలిపిండు, అందరు నవ్విండ్రు. ప్రశ్న అడిగే గడి వచ్చింది. ముసలాయన ముందుకు వంగి చూసిండు.

"ఈయన పేరేందిరా?"

"పేరు రాయలేదు తాతా."

"పేరు లేకుంటే కథ ఎట్ల చెప్తవురా," అన్నడు ఆయన, పిలగాని చేతిలకెల్లి పుల్ల గుంజుకొని.